పత్తి మిల్లుకు ఓడ వాల్వు

నేను సముద్రం చూసింది నలభై దాటాకే. కానీ ఇరవై ఆరేళ్ల వయసులోనే, ఆదిలాబాద్‌లో ఒక పత్తి మిల్లు కోసం, ఓడల మీద వాడే నీళ్ల వాల్వులు ఏరికోరి తెప్పించిన ఘనుణ్ణి. ఈ ముక్క ఎవరికి చెప్పినా పకపకా నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ వాల్వు వల్ల ఒక ఆడమనిషి చెయ్యి విరిగింది. దాని గురించి నేను రాసిన కాగితం ఆమెను అంతకంటే ఎక్కువ విరిచింది. అందుకని ఆ నవ్వులో నేను కలవలేను.

మాది సుల్తానాబాద్ దగ్గర నేతపని చేసుకునే ఇల్లు. బాపు మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే నాకు ఊపిరాడనట్టు ఉండేది. ఇనుము మీద మోజుతో మందమర్రి పోయి, బొగ్గు గనుల్లో పంపుల దగ్గర నాలుగేళ్లు పనిచేశాను. పైపులు కలపడం, వాల్వులు విప్పి బిగించడం అక్కడే పట్టుబడింది. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలిగేవాణ్ణి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఒకటి రెండేళ్లయిన రోజులవి. ఆఫీసు కాగితాలన్నీ ఉర్దూ వదిలి ఇంగ్లీషు పడుతున్నాయి. నాలాంటి అరకొర ఇంగ్లీషువాడికి కూడా కుర్చీ వేసే కాలం. ఆదిలాబాద్ మిల్లులో పంపు ఫిట్టరుగా నన్ను తీసుకున్నారు. సీజను చూసి పర్మనెంటు చేస్తామన్నారు. ఇంకేం, నేల మీద కాలు నిలిచేది కాదు.

పత్తి మిల్లు అంటే అగ్గితో కాపురం. జిన్ను అంటే పత్తిలోంచి గింజను విడదీసే యంత్రం. రైతు తెచ్చిన పత్తిలో చిన్న గులకరాయి ఉన్నా చాలు, జిన్ను కత్తికి తగిలి నిప్పురవ్వ లేస్తుంది. ఎదురుగా మనిషెత్తు దూది కుప్ప. అప్పటిదాకా మిల్లులో ఇసుక బాల్చీలు, నీళ్ల బాల్చీలు తప్ప ఏమీ లేవు. బీమా కంపెనీ మనిషి వచ్చి, ఇట్లా కుదరదు, మిల్లు చుట్టూ పైపులైను వేసి అక్కడక్కడ వాల్వులు పెట్టాలన్నాడు. నేలలోంచి నడుమెత్తు పైకి లేచిన పైపు, దాని కొనకు వాల్వు. వాల్వు మూతికి మరచుట్లు ఉంటాయి. కాన్వాసు గొట్టం చివరనున్న ఇత్తడి కప్లింగును ఆ చుట్ల మీద తిప్పి బిగించి, పైన చక్రం విప్పితే నీళ్లు. చెప్పుకోవడానికి ఇంతే. వాల్వు ఎంచే పని మేనేజరు నాకు అప్పగించాడు.

బొంబాయి నుంచి ఒక ఏజెంటు రెండు నమూనాలు పట్టుకొచ్చాడు. ఒకటి గన్‌మెటల్‌ది, అంటే కంచులాంటి లోహం. మెరుస్తూ, చుట్లు సన్నగా, వరసగా, కంసాలి చెక్కినట్టుంది. ఓడల మీద ఇదే వాడతారని, ఉప్పునీళ్లకే చెక్కుచెదరదని, మీ చెరువు నీళ్లు దీనికొక లెక్కా అని హిందీలో ఊదరగొట్టాడు. రెండోది పోత ఇనుముది, మూతికి మాత్రం ఇత్తడి. మొద్దుగా ఉంది. దాని చుట్లు కూడా మొద్దే. దూరం దూరంగా, గుండ్రంగా, లోతుగా ఉన్నాయి. ఏజెంటు దాన్ని సంచీలోంచి తీయడానికి కూడా మొహమాటపడ్డాడు.

మిల్లులో నా పైన పెద్దమేస్త్రీ ఉండేవాడు. యాభై అయిదు దాటిన మనిషి. మిషన్ బడిలో చదువుకున్నాడు. ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని ప్రార్థనకు పోయేవాడు. మిగతా ఆరు రోజులు గ్రీజులోనే బతికేవాడు. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. ఆయన మొద్దు వాల్వును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఓడ మీద దుమ్ముంటదా బిడ్డా?" అన్నాడు.

"దుమ్మెక్కడిది మేస్త్రీ, సుట్టూ నీళ్లేనాయె."

"మరి మన దగ్గర?"

చుట్టూ చూశాను. మా దగ్గర గాలిలో కూడా పత్తి నుసే. బండ్లు వస్తే నల్లరేగడి దుమ్ము. రెండూ కలిసి నూనె తడి కనపడ్డ ప్రతి చోటా అంటుకుపోయేవి.

"గీ మొద్దుదాన్ని చూడు. చుట్లు గుండ్రంగున్నయి. మట్టి కూసున్నా తోసుకుంట పోతది. గా మెరిసేది అల్మారల పెట్టుకొని చూసుకునేటందుకు మంచిగుంటది."

అంతటితో ఆగలేదు. చేతులకు ఆముదం పూసుకుని, కళ్లు మూసుకుని, మొద్దు వాల్వుకు గొట్టం ఎక్కించి చూపించాడు. మూడు తిప్పులు, అయిపోయింది. మంట లేచినప్పుడు చేతులు వణుకుతాయి, పొగకు కండ్లు కనబడవు, అందుకని ఇట్లనే చూడాలన్నాడు. నాకు నవ్వొచ్చింది. నేను పొడి చేతులతో, కళ్లు బార్లా తెరుచుకుని, రెండడుగుల స్పానరుతో ఓడ వాల్వుకు గొట్టం బిగించి నీళ్లు వదిలాను. ఒక్క చుక్క కారలేదు. మొద్దు వాల్వు దగ్గర మాత్రం చుక్క చుక్క కారింది.

"కారుతుంది మేస్త్రీ, పనికిరాదు," అన్నాను.

"అగ్గి మీద గుమ్మరించే నీళ్లాయె. రెండు చుక్కలు కిందబడితె ఏంబాయె?"

జవాబు లేనప్పుడు ఇంగ్లీషు ఉంది కదా! మేనేజరుకు ఇంగ్లీషులో అరపేజీ రాసి ఓడ వాల్వులే తెప్పించాను. బిగించిన రోజు వాటిని చూసి మురిసిపోయాను. కొత్త కోడలిని చూపించినట్టు వచ్చినవాళ్లందరికీ చూపించాను. వాటి నోళ్లకు ఇత్తడి మూతలు గొలుసులతో వచ్చాయి. బయట ఉంచితే ఎవరైనా ఊడబెరుక్కుపోతారని నేనే విప్పి స్టోరులో పెట్టి తాళం వేశాను. ఆరుగురు మగవాళ్లను జట్టుగా చేసి గొట్టం ఎక్కించడం నేర్పాను. జిన్నుల దగ్గర పనిచేసేది ఆడవాళ్లు. వాళ్లకు నేర్పాలని నా బుర్రకు తట్టనే లేదు. వాళ్లు పని చేసుకుంటూ అటునుంచి చూసేవారు.

అంతలో దసరా వచ్చింది. దసరాకు మిల్లంతా కడిగి, ప్రతి యంత్రానికీ పూజ చేయడం మా దగ్గర ఆనవాయితీ. మిల్లు యజమాని సేఠు స్వయంగా వస్తాడు. నా వాల్వులు ఆయన కళ్లబడాలి. ఎర్ర ఎనామిల్ రంగు డబ్బా తెచ్చి, బ్రష్షు పట్టి, పీఠం నుంచి మూతి చివరిదాకా నా చేత్తో నేనే రెండు పూతలు వేశాను. మూతి చుట్ల మీద కూడా. మూతలు స్టోరులో ఉన్నాయి కదా, ఆ చుట్లు బోసిగా కనపడుతున్నాయని వాటినీ వదల్లేదు. పైగా జట్టువాళ్లను పిలిచి, కొన్ని దినాలు గొట్టాలు ఎక్కించకుండ్రి, రంగు లేస్తది అని గట్టిగా చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే నా తలను గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

పూజ రోజున మూడో నంబరు జిన్ను దగ్గర పనిచేసే ఆమె పళ్లెంతో వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. ఆదిలాబాద్‌లో ఆడవాళ్లను బాయి అని పిలుస్తారు, ఆమె అందరికీ మూడో నంబరు బాయి. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. జిన్నులన్నిటికీ బొట్లు పెట్టి, షెడ్డు గుమ్మం దగ్గరున్న నా వాల్వు ముందు ఆగింది.

"అగ్గినార్పే తల్లివి. నీకు బొట్టు లేకపాయె గదనే!" అని దానికీ పసుపు రాసి కుంకుమ పెట్టింది. చక్రం మీద ఒకటి, మూతి మీద ఒకటి. నావైపు చూసి, "ఏం తమ్మీ, నీ పెండ్లికూతురు మంచిగున్నదా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

దసరా పోయిన పది పన్నెండు రోజులకు, మధ్యాహ్నం పూట, అయిదో జిన్నులో రవ్వ లేచింది. నేను పంపు గదిలో ఉన్నాను. గంట కొట్టారు, ఇంజను వేగం పెంచాను. నా జట్టు ఆరుగురూ ఆ వేళకు మిల్లు అవతలి కొసన దూది నొక్కి కట్టే ప్రెస్సు దగ్గర బేళ్లు ఎత్తుతున్నారు. మంట లేచింది ఆడవాళ్ల మధ్య. అందరూ బయటికి ఉరికితే, మూడో నంబరు బాయి మాత్రం గుమ్మం దగ్గరి వాల్వుకు ఉరికింది. మేం నేర్చుకుంటుంటే చూసింది కదా. గొట్టం లాగి, కప్లింగును మూతికి పెట్టి తిప్పింది. ఎక్కలేదు. మళ్లీ తిప్పింది. అడ్డంగా ఒక్క చుట్టు పట్టింది. పట్టిందనే అనుకుని, పక్కనున్న ఆమెను చక్రం విప్పమంది. నీళ్ల తాకిడికి కప్లింగు ఊడి, ఎగిరి, ఆమె కుడి మణికట్టు మీద పడింది. గదిలో నాకు పంపు చప్పుడు ఒక్కసారిగా తేలికైనట్టు వినిపించింది. నీళ్లన్నీ నేలపాలవుతున్నాయని అర్థమైంది.

నేను ఉరికేసరికి పెద్దమేస్త్రీ ఇంకో వాల్వు దగ్గర కత్తితో చుట్లు గీకుతూ, సుత్తితో కొట్టి కప్లింగు ఎక్కిస్తున్నాడు. బాల్చీలతో, ఇసుకతో, ఆలస్యంగా వచ్చిన ఆ ఒక్క గొట్టంతో మంట ఆరింది. ప్రాణాలు పోలేదు. షెడ్డులో సగం దూది బూడిదైంది. కప్పు రేకులు వంకర్లు తిరిగాయి. బాయిని సర్కారు దవాఖానకు తీసుకుపోయి పిండికట్టు వేయించారు.

సాయంత్రం మేమిద్దరం ఆ గుమ్మం వాల్వు దగ్గర కూర్చున్నాం. పెద్దమేస్త్రీ జేబులోంచి దబ్బనం తీసి చుట్ల మధ్య గీకాడు. ఎర్రటి రంగు పొర గట్టిగా, మెలికలు తిరిగి ఊడి వచ్చింది. దాన్ని నా అరచేతిలో పెట్టి లేచిపోయాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడు మేనేజరు పిలిచాడు. ప్రమాదం రిపోర్టులో వాల్వు మంచిది కాదని రాస్తే బీమావాళ్లు నష్టం కట్టరు అన్నాడు. ఎంచింది నువ్వే కాబట్టి నీ మెడకు కూడా చుట్టుకుంటుందన్నాడు. నా పర్మనెంటు కాగితం బల్ల మీద, పేపర్‌వెయిట్ కింద కనపడుతూనే ఉంది. "ఆ వాల్వుకు పూజలు చేసిందెవరు?" అని అడిగాడు. నాకు అర్థమైంది. అర్థం కానట్టు నటించడానికి కూడా నేను కష్టపడలేదు. పసుపు కుంకుమలు చుట్లలో చేరి గట్టిపడటం వల్ల గొట్టం ఎక్కలేదని, జట్టులో లేని మనిషి అనుమతి లేకుండా వాల్వును ముట్టిందని రాసి సంతకం పెట్టాను. ఇది నేను చేసిన పని. ఎవరూ నా చెయ్యి పట్టి రాయించలేదు.

మూడో నంబరు జిన్ను ఇంకొకరికి ఇచ్చారు. ఆమెకు ఈ సీజను పని లేదని మేనేజరు చెప్పించాడు. ఆమె ఆఫీసుకు వచ్చిన పూట నేను స్టోరులో ఏదో పని కల్పించుకుని దాక్కున్నాను.

బీమావాళ్లు మళ్లీ చూడటానికి వచ్చేలోపు షెడ్డు దగ్గర చుట్లు చెడిపోయిన వాల్వులు మార్చాలి. కొత్త నమూనాలు నాలుగు రైలు పార్సిల్‌లో వచ్చాయి. ఈసారి నేను కేటలాగు తెరవబోతే పెద్దమేస్త్రీ ఆపాడు.

"నువ్వు నేను తిప్పి సూసుడు కాదు. మంట ఎవలి పక్కన లేస్తదో వాళ్లు తిప్పి సూడాలె," అన్నాడు.

న్యాయమే అనిపించింది. నమూనాలను ఆఫీసు వరండాలో చెక్క దిమ్మెలకు బిగించి, పక్కన గొట్టం పెట్టి, భోజనాల వేళ ఆడవాళ్లను పిలిచాను. ఒక్కరూ దగ్గరికి రాలేదు. బతిమిలాడాను. ఒకామె చేతులు వెనక్కి కట్టుకుంది.

"మేం ముట్టం సారూ. మా చేతులు తగిలితె ఆగమైతదట గద," అంది.

"ఎవరన్నరు?"

"కాగితమే చెప్పింది. మూడో నంబరు బాయి దాని మీద ఏలుముద్ర ఏసింది. నా కుంకుమతోటే మిల్లు కాలిందని మా అందరి ముంగట ఒప్పుకున్నది. ఇగ మేమెట్ల ముడుతం? ముంగటనే అగ్గి లేచినా బయటికి ఉరుకుతం గని దాన్ని ముట్టం."

నేను రాసిన కాగితం బీమా ఆఫీసులో ఏ ఫైలులోనో పడి ఉంటుందనుకున్నాను. ఆమె చేత దాని మీద వేలిముద్ర వేయించారని నాకు తెలియదు. తెలుసుకోవాలని ఎందుకనుకుంటాను, దాక్కున్నవాణ్ణి కదా! ఇప్పుడు మొద్దుదో మెరిసేదో, ఎంత మంచి వాల్వు తెచ్చి పెడితే మాత్రం ఏం లాభం? దాన్ని తిప్పాల్సిన చేతులన్నిటినీ నేనే వెనక్కి కట్టేశాను.

ఆ సాయంత్రమే, ఇంకా ఎండ ఉండగానే, మిల్లు వెనక వాడలో ఆమె ఇల్లు వెతుక్కుంటూ పోయాను. గడప దగ్గర కూర్చుని ఎడమ చేత్తో చింతపండులో గింజలు తీస్తోంది. నుదురు బోసిగా ఉంది. పక్కన అరుగు మీద నిక్షేపంలాంటి మొగుడు కూర్చుని ఉన్నాడు, మా ప్రెస్సులోనే హమాలీ. నా చూపు ఎటు పోయిందో ఆయన కనిపెట్టాడు.

"ఎంత చెప్పినా బొట్టు పెట్టుకుంటలేదు సారూ. కుంకుమ భరిణె చూస్తేనే ఏడుస్తది. జర నువ్వన్న చెప్పు," అన్నాడు.

నేను నిలబడే చెప్పాను. "అక్కా, అది నీ కుంకుమతోటి కాదు. నేనేసిన రంగుతోటి."

"ఏ రంగు?"

"దసరాకు ఏసిన ఎర్ర రంగు. చుట్లల్ల పోయి గట్టిపడ్డది. మీదికెల్లి, గా వాల్వే మనకు పనికొచ్చేది కాదు. సన్నపు చుట్లు. పెద్దమేస్త్రీ వద్దన్నడు. నేనే ఇనలే."

ఆమె చింతపండు పక్కకు పెట్టింది. "నీకు ఎప్పటి సంది ఎరిక?"

ఈ ప్రశ్న అడుగుతుందని నేను అనుకోలేదు. "అగ్గి లేచిన పొద్దటి సంది," అన్నాను.

"ఎరికుండి రాసినవా?"

"రాసిన."

మొగుడు అరుగు మీంచి ఒక్క ఉదుటున లేచాడు. ఆమె ఎడమ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. లేచి నా ముందుకొచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను.

"మేనేజరు మాటైతె నేను నమ్మకపోదును తమ్మీ. పంపు తమ్మి రాసిండన్నరు. చదువుకున్నోడు, చుట్ల సంగతి తెలిసినోడు, గాయినె రాసిండంటె నిజమే ఉంటదనుకున్న. గందుకే ఏలు పెట్టిన. నా చెయ్యి ఇరిగితె నేను ఏడ్వలే. మంచికని పెట్టిన బొట్టుతోటి గంత మంది నోటికాడి బువ్వ కాలబెట్టిననుకొని ఏడ్చిన. నిద్రల గూడ నా చేతులు నాకు ఎర్రగ కనబడుతుండె. నువ్వు మనిషివేనా?"

తల వంచుకుని నిలబడ్డాను. కళ్ల నీళ్లు తుడుచుకోవడానికి కూడా సిగ్గేసింది.

"మేనేజరుకు చెప్పినవా?" అంది.

"రేపు పొద్దున చెప్త."

"రేపేంది? నడువ్."

కొంగు దోపుకుని ముందు ఆమె, వెనక నేను, నా వెనక ఆమె మొగుడు. మిల్లు గేటు దాటాక ఆమె సీదా గుమ్మం వాల్వు దగ్గరికి పోయి, చూపియ్యి అంది. పెద్దమేస్త్రీ మమ్మల్ని చూసి తనే వచ్చి దబ్బనం అందించాడు. చుట్ల మధ్య గీకాను. రంగు పొర ఊడింది. ఆమె దాన్ని ఎడమ చేతి వేళ్ల మధ్య నలిపి చూసింది. నలగలేదు. వాసన చూసింది. కిరసనాయిలు కంపు. తడి వేలితో రుద్దింది. వేలికి ఏమీ అంటలేదు.

"కుంకుమ గిట్లుంటదా?" అని తనలో తనే అనుకున్నట్టు అంది. తరువాత ఆఫీసు మెట్లెక్కింది.

మేనేజరు నేను చెప్పిందంతా విని, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "దిమాగ్ ఖరాబైందా నీకు? ఇది మార్చి రాస్తే నీ నౌకరి సంగతేంటి?" అన్నాడు.

"ఏమైతె గదే కానియ్యి సారూ. మార్చి రాస్త," అన్నాను. ధైర్యంతో అన్నానని అనుకోకండి. వెనక ఆమె నిలబడి ఉంది. అనక ఏం చేస్తాను?

మేనేజరు ఇంకా నసుగుతుంటే పెద్దమేస్త్రీ గుమ్మంలోంచి మెల్లగా అన్నాడు. "బీమా సారు వస్తె నేనే దబ్బనం ఇచ్చి గీకి చూడుమంట. ఆయినె చేతికి రంగే వస్తది. గప్పుడు మనం పరేషాన్ అయ్యేకన్న ముంగటనే చెప్పుకుంటె ఇజ్జత్ దక్కుతది."

ఆ వేళకు షిఫ్టు దిగిన ఆడవాళ్లంతా వరండాలో గుంపుగా నిలబడ్డారు. సీజను మంచి ఊపులో ఉంది, వాళ్లు రాకపోతే జిన్నులు నడవవు. మేనేజరు వాళ్లను చూశాడు, నన్ను చూశాడు. కాగితం ముందుకు తోశాడు. తెలుగులోనే రాశాను. పెద్దమేస్త్రీ వద్దన్నా సన్నచుట్ల వాల్వు ఎంచింది నేను, మూతలు తీసేసింది నేను, చుట్ల మీద రంగు పూసింది నేను, గొట్టం ఎక్కించి చూడవద్దన్నది నేను అని రాసి, అందరికీ వినపడేలా చదివాను. నా పర్మనెంటు కాగితం సొరుగులోకి పోయింది. రెండు సీజన్లదాకా మళ్లీ బయటికి రాలేదు. బాయికి చెయ్యి నయమైన రోజున మూడో నంబరు జిన్ను ఇవ్వాలని కూడా అప్పుడే రాయించాడు, పాపం ఆ మాట దాచకూడదు.

"సరే, ఇప్పుడు ఏ వాల్వు తెప్పించను? రేపు బొంబాయికి టెలిగ్రాం ఇవ్వాలి," అన్నాడు చిరాగ్గా.

ఎవరూ కదల్లేదు. బాయి వరండాలోకి నడిచి, దిమ్మెల ముందు నిలబడింది. పెద్దమేస్త్రీ ఆముదం సీసా తెచ్చి ఆమె ఎడమ చేతిలో కాస్త ఒంపాడు. పిండికట్టు చెయ్యి రొమ్ముకు ఆనించుకుని, ఒంటి చేత్తో కప్లింగు ఎత్తింది. మొదటిదాని మీద జారింది. రెండోదాని మీద అడ్డం పట్టింది. మూడోది ఎక్కింది కానీ చక్రం మొరాయించింది. నాలుగోది, గుండ్రటి లోతు చుట్లది, మొదటి తిప్పుకే దారి దొరికించుకుంది. తిప్పింది, మళ్లీ తిప్పింది, బిగిసింది. కళ్లు మూసుకుని విప్పి, మళ్లీ ఎక్కించింది. అప్పుడు చేతులు వెనక్కి కట్టుకున్న ఆమె ముందుకొచ్చి, "నన్ను సూడనియ్యి," అంది. ఆమె వెనక ఇంకొకామె. కాసేపటికి వరండా అంతా గాజుల చప్పుడు. మూతలతో సహా అవే తెప్పించమని మేనేజరుకు చెప్పాను. అది పెద్దమేస్త్రీ మొదటి రోజున చేతిలోకి తీసుకున్న రకమే. ఆయన ఆ మాట ఎత్తలేదు.

అందరూ ఇళ్లకు పోతున్నారు. బాయి మాత్రం మళ్లీ మేనేజరు బల్ల ముందు నిలబడింది.

"ఇంకేమిటి?" అన్నాడాయన.

"నా ఏలుముద్ర."

ఆయన ఫైలు తీసి, బీమావాళ్లకు ఇవ్వాలని అట్టిపెట్టిన నా పాత కాగితం బయటికి లాగి, ఇచ్చేశాడు. పైన నా ఇంగ్లీషు సంతకం, కింద ఆమె ఎడమ బొటనవేలు, నల్లగా. ఆమె దాన్ని ఎడమ చేత్తో పట్టుకుని నలిపింది, బల్ల అంచుకు ఆనించి లాగింది. చిరగలేదు. మొగుడు సాయానికి రాబోతే తల అడ్డంగా ఊపింది. నావైపు తిరిగి కాగితం చాపింది.

"ఒక్క చేత్తోటి చినుగుతలేదు. రాసినోడివి గద, గా కొస నువ్వు పట్టు."

పట్టుకున్నాను. ఆమె లాగింది.